తాతయ్య ఫొటో కత్తిరించి బుట్ట అల్లుకొచ్చాం (ఓక్లహోమాలో రెండ్రోజుల క్లాసు, నా రివ్యూ)

ఫొటోనీ రాత ఉన్న కాగితాన్నీ ప్రింట్ తీసి, బద్దలుగా కోసి, వాటితో బుట్ట అల్లించే క్లాసు ఇది. ముందే చెప్పేస్తున్నా, అందమైన బుట్ట చేసుకుని ఇంటికి తెచ్చుకునే క్లాసు కాదు. అందంగా కావాలంటే డబ్బులిచ్చి కొనుక్కోవడమే నయం. నేను 180 డాలర్లు కట్టి, రెండ్రోజులు కూర్చుని, మెడ పట్టేసి, చివరికి తెచ్చుకుంది నాలుగంగుళాల ఎత్తున్న ఒక వంకర బుట్ట, దాని మీద మా తాతయ్య ముక్కు చెవి వైపుకి జరిగిపోయి ఉంది. అయినా అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఎందుకో కింద రాశా, కొంచెం పొడుగే, ఓపికుంటే చదవండి.

సెంటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే కంప్లైంట్లు కూడా ఉన్నాయి, ముగ్గురు మనుషులు నడుపుకునే చిన్న చోటు, నా వల్ల వాళ్ళకి ఇబ్బంది ఎందుకు. టల్సా నుంచి తూర్పుకి ఓ గంట, చెరోకీ నేషన్ (అమెరికా ఆదివాసుల్లో చెరోకీ తెగ వాళ్ళది) పరిధిలో. మేం టెక్సస్‌లోని ప్లేనో నుంచి వెళ్ళాం, హైవే 75 ఎక్కితే టల్సాకి నాలుగు గంటలు చిల్లర, మా ఆయన డ్రైవింగ్, ఆయన క్లాసుకి రాలేదు, రెండ్రోజులూ హోటల్లో క్రికెట్ చూసుకున్నాడు, అందరికన్నా హ్యాపీ ఆయనే.

అసలు ఎలా మొదలైందంటే మా అమ్మాయికి (13) స్కూల్లో ట్రెయిల్ ఆఫ్ టియర్స్ (చెరోకీల్ని సొంత నేల నుంచి ఓక్లహోమాకి తరిమేసిన ఘోరం) మీద ప్రాజెక్టు ఇచ్చారు, దానికోసం వెతుకుతుంటే షాన్ గోషార్న్ అనే ఆర్టిస్టు బుట్ట ఫొటో ఒకటి కనపడింది. మామూలు బుట్టే అనుకుని జూమ్ చేస్తే దాని నిండా అక్షరాలు. న్యూ ఎకోటా ఒప్పందం అంట, 1835 డిసెంబర్‌లో చెరోకీల్లో ఒక చిన్న గుంపు, జనం తరఫున సంతకం పెట్టే అధికారం లేకుండానే, తూర్పున ఉన్న తమ భూమంతా అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చేసిన కాగితం. దానికి వ్యతిరేకంగా 15 వేలకు పైగా మంది పేర్లు పెట్టి పంపిన పిటిషన్ కూడా ఉంది, అయినా సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో పాసైపోయింది. ఆ ఒప్పందం మాటల్నీ ఈ పిటిషన్ పేర్లనీ కలిపి ఒకే బుట్టగా అల్లేశారు ఆవిడ. మా అమ్మాయి అడిగింది, అమ్మా ఇది కాగితమా అని. అవును కాగితమే.

గోషార్న్ గారు చెరోకీల్లో ఈస్టర్న్ బ్యాండ్ అనే శాఖ ఆవిడ. 1957లో బాల్టిమోర్‌లో పుట్టారు, 1981 నుంచి టల్సాలోనే ఉన్నారు, 2018లో పోయారు. అసలు ఫొటోగ్రాఫర్ ఆవిడ, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకి చేత్తో రంగులేసే రకం. బుట్టల్లోకి దిగేసరికే దాదాపు యాభై. అంతకు చాలా ముందు చెరోకీ బుట్టల డిజైన్లని ఇంకుతో బొమ్మలు గీసిచ్చే పని ఒకటి దొరికిందంట, అలా గీస్తూ గీస్తూ ఆ అల్లిక వెనకున్న లెక్క బుర్రకెక్కింది. పాత ఫొటోలు, ఒప్పందాలు, చట్టాల కాపీలు మంచి వాటర్‌కలర్ పేపర్ మీద ప్రింట్ తీసి, సన్నటి బద్దలుగా కోసి, పాతకాలం నమూనాల్లో అల్లేవారు. మన వెదురు బద్దల్లాగే అనుకోండి, వెదురు బదులు కాగితం.

వెదురు అంటే గుర్తొచ్చింది, చెరోకీల పాత బుట్టలు కూడా వెదురువే! నాకు అమెరికాలో వెదురు పుడుతుందనే తెలీదు. రివర్‌కేన్ అంటారు, చెరోకీల పాత ఊళ్ళవైపు ఏర్ల గట్ల మీద పెరిగే వెదురు జాతి, ఒకప్పుడు మైళ్ళకి మైళ్ళు ఉండేదంట, పొలాలకీ పశువులకీ కొట్టేయగా ఇప్పుడు అందులో వందకి రెండు వంతులు కూడా మిగల్లేదు. ఆ బద్దలకి రంగెక్కించడానికి నల్ల వాల్‌నట్ వేస్తే ముదురు గోధుమ రంగు, బ్లడ్‌రూట్ అనే వేరుతో నారింజ ఎరుపు. ఓక్లహోమాకి తరిమేశాక ఇక్కడ ఆ వెదురు సరిగ్గా దొరక్క బక్‌బ్రష్, హనీసకుల్ తీగలతో అల్లడం మొదలుపెట్టారు. టీచరమ్మ మూడు రకాలూ చేతికిచ్చింది. వెదురు బుట్టని ముక్కు దగ్గర పెట్టుకున్నా, అచ్చం మా ఇంట్లో కొత్త చేట వాసన.

సరే క్లాసు. శని ఆదివారాలు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాలుగు వరకు. మొత్తం తొమ్మిదిమందిమి. వారం ముందే రెండు ఫైళ్ళు మెయిల్ చెయ్యమన్నారు: ఒక ఫొటో, ఏదైనా రాత ఉన్న కాగితం. వాళ్ళే ప్రింట్ తీసి పెడతారు, ఫీజులోనే.

మా తాతయ్యకి జీవితంలో ఒకటే ఫొటో ఉంది. స్టూడియోలో తీయించుకుంది, ఒంటి మీదున్న కోటు స్టూడియో వాళ్ళది, భుజాల దగ్గర వేలాడుతుంటుంది, ఎవరో గట్టిగా ఊపిరి బిగబట్టమన్నట్టు కూర్చుని ఉంటాడు. అదే పంపా. రాతకి మాత్రం తంటా వచ్చింది, ఆయన ఉత్తరాలేవీ లేవు, ఎందుకంటే ఆయనకి రాయడం రాదు. నాన్న దగ్గర ఒక పాత దస్తావేజు ఉంటే ఫోన్లో ఫొటో తీసి పంపించాడు, పొలం అమ్మిన కాగితం, అడుగున తాతయ్య వేలిముద్ర. ఇది పనికొస్తుందా అని మెయిల్లో అడిగితే, చాలా బాగా పనికొస్తుంది అని జవాబొచ్చింది.

మొదటి గంటన్నర స్లైడ్స్. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది, ఇంత దూరం వచ్చింది పవర్‌పాయింట్ చూడ్డానికా అని, పైగా ప్రొజెక్టర్ లైటు డిమ్ముగా ఉంది. కానీ కార్లైల్ స్కూలు దగ్గరకి వచ్చేసరికి రూమంతా సైలెంట్ అయిపోయింది. 1879లో ప్రాట్ అనే ఆర్మీ ఆఫీసర్ పెన్సిల్వేనియాలో పాత మిలిటరీ బారక్స్‌లో పెట్టిన బోర్డింగ్ స్కూలు, 1918 వరకు నడిచింది. ఎక్కడెక్కడి తెగల పిల్లల్నో తీసుకొచ్చి జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష నోట రాకుండా చేసేవాళ్ళు. వాడిలోని ఇండియన్‌ని చంపు, మనిషిని కాపాడు, అని ఆయనే 1892లో స్పీచ్ ఇచ్చాడు (ఇండియన్ అంటే మనం కాదు, అమెరికా ఆదివాసులు). పిల్లలు రాగానే ఒక ఫొటో, కొన్నాళ్ళు పోయాక కోటు తొడిగి ఇంకో ఫొటో, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి ఎంత మార్చేశామో అని ప్రచారం. చోట్ అని ఆ ఊరి స్టూడియో ఫొటోగ్రాఫర్ తీశాడు చాలావరకు. టామ్ టోర్లినో అని నవాహో తెగ కుర్రాడొకడి జంట ఫొటోలు చూపించారు, మొదటిది 1882లోది, రెండోది ఓ మూడేళ్ళ తర్వాతది. ఒకే మనిషంటే నేను నమ్మలేదు, రెండోదాంట్లో ఒంటి రంగు కూడా తెల్లగా పడేలా లైటు పెట్టారంటారు.

గోషార్న్ గారు అలాంటి ముందు-తర్వాత ఫొటోలతోనే ఏడు జతలు, అంటే 14 బుట్టలు అల్లారు. అల్లే ముందు ఆ ఫొటోల పెద్ద ప్రింట్లు ఊరూరా తీసుకెళ్ళి, ఆ పిల్లల తర్వాతి తరాల వాళ్ళతో వాటిమీదే రాయించారు, ఎవరు ఏం చెప్పుకోవాలంటే అది. అప్పుడు కోశారు. 2018లో ఆ కార్లైల్ ఊళ్ళోనే, డికిన్‌సన్ కాలేజీ గ్యాలరీలో పెట్టారు వాటిని.

నేను నా ముందున్న ప్రింట్ వైపు చూశా. మా తాతయ్య కూడా స్టూడియో కోటులోనే. ఆయన ముచ్చటపడి వేసుకున్నాడు, ఫొటో అవగానే విప్పేసి తన కండువా వేసుకుని ఇంటికెళ్ళుంటాడు. అది వేరు ఇది వేరు, తెలుసు. కానీ ఆ తర్వాత స్టీలు స్కేలు పెట్టి బ్లేడు తీసుకుని కొయ్యమంటే నాకు చెయ్యి రాలేదండీ.

పక్కనే ఉన్న ఒక పెద్దావిడ, కాన్సస్ నుంచి వచ్చిందంట, వాళ్ళ చెల్లెలి ఫొటో తెచ్చుకుంది, ఆవిడా బ్లేడు పట్టుకుని అలాగే కూర్చుంది. టీచరమ్మ ఏమీ అనలేదు. మొహం దగ్గర మొదలుపెట్టకండి, అంచు నుంచి రండి, అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. మా అమ్మాయి ఈలోపు సగం కోసేసింది, వాళ్ళకేం, వాళ్ళు తాతయ్యని చూడలేదు కదా.

పావు అంగుళం బద్దలు. ఫొటోవి 16, అడ్డంగా చుట్టూ తిరగడానికి. దస్తావేజువి 32, అటు 16 ఇటు 16 పరిచి అడుగు అల్లి, తర్వాత పైకి మడిస్తే అవే నిలువు బద్దలు. పడుగు దస్తావేజు, పేక తాతయ్య అన్నమాట. ప్రతి బద్ద వెనక పెన్సిల్‌తో నంబర్ వెయ్యాలి, ఇది మర్చిపోతే మీ పని గోవిందా, నేను మర్చిపోలేదు గానీ ఎనిమిదిని మూడులా రాసుకున్నా.

రెండు బద్దల పైనుంచి, రెండిటి కిందనుంచి, తర్వాతి వరసలో ఒకటి జరిగి మళ్ళీ రెండు. అంతే రూలు. వినడానికి చిన్నపిల్లల ఆట. ఒక్కటి తప్పితే ఆ తప్పు అప్పటికప్పుడు కనపడదు, మూడు వరసలు పైకెళ్ళాక ఏటవాలు గీత విరిగిపోయి కనపడుతుంది, అప్పుడు మూడూ విప్పాలి. నేను నాలుగుసార్లు విప్పా. కాగితం కాబట్టి ఎక్కువసార్లు విప్పితే అంచు పీచులేస్తుంది. చిన్న చిన్న క్లిప్పులిస్తారు పట్టి ఉంచడానికి, నాకైతే ఇంకో నాలుగు చేతులున్నా చాలవనిపించింది. తొమ్మిదో బద్ద ఎప్పుడు అరంగుళం పక్కకి జరిగిందో నాకు తెలీదు, చూసుకునేసరికి పైన ఇంకో ఐదు వరసలెక్కేశాయి. అదే ముక్కు. విప్పుదామా అంటే టీచరమ్మ కాసేపు చూసి వద్దంది.

ఇంత దగ్గర్నుంచి చూస్తుంటే మొహం ఎక్కడా లేదు. నల్ల చుక్క, తెల్ల చుక్క, మధ్యలో "సదరు భూమి" అని సగం మాట. లేచి నీళ్ళ కోసం వెళ్ళి వెనక్కి తిరిగా చూడండి, రెండు టేబుళ్ళ అవతలి నుంచి తాతయ్య నన్నే చూస్తున్నాడు. సగం ఆయన, సగం దస్తావేజు. అప్పుడు నాకు గోషార్న్ గారి బుట్టలు జూమ్ చేసి ఎందుకు చూడకూడదో తెలిసింది, దగ్గరకెళ్తే అక్షరాలు, దూరం జరిగితే మనుషులు.

ఆఖర్లో అంచు కట్టేటప్పుడు నిలువు బద్దల చివర్లు లోపలికి మడవాలి. మడిస్తే ప్రింట్ ఉన్న వైపు లోపలికి కనపడుతుంది కదా, ఆ వేలిముద్ర సరిగ్గా అక్కడ పడింది, నాలుగు బద్దల మీద ముక్కలుగా. నేను ప్లాన్ చెయ్యలేదు. బయటికి ఏమీ కనపడదు, బుట్టలోకి తొంగి చూస్తేనే.

మేం చేసింది ఒంటి అల్లిక. గోషార్న్ గారి పెద్ద బుట్టలు డబుల్ వీవ్, అంటే లోపలి అడుగు దగ్గర మొదలుపెట్టి గోడలు పైకి అల్లుకుంటూ వచ్చి, మూతి దగ్గర బద్దలు వంచి మళ్ళీ బయట గోడ కిందకి అల్లి, బయటి అడుగు దగ్గర ముగించడం, బుట్టలో బుట్ట, మధ్యలో అతుకు లేదు. ఆవిడ అది ఎవరి దగ్గరా కూర్చోకుండా సొంతంగా పట్టేశారు. కార్లైల్ మీద 2011లో చేసిన మూత బుట్ట అలాంటిదే, స్కూలు పిల్లలందరి గ్రూప్ ఫొటో చుట్టూ వచ్చేలా, ప్రాట్ స్పీచ్, వేలమంది పిల్లల పేర్లు బద్దలుగా. ఒక్క వరస జరిగితే నాకు ముక్కు పోయింది, ఆవిడకి అన్ని వందల మొహాలు ఎలా నిలబడ్డాయో నాకిప్పటికీ అంతుపట్టట్లేదు.

బుట్ట వద్దు, గోడకి తగిలించుకునేది చాలు అనుకునేవాళ్ళకి చాపలా చదునుగా అల్లే ఆప్షన్ కూడా ఉంది. మా అమ్మాయి అదే చేసింది. సారా సెన్స్ అని లూసియానా చిటిమాచా, చాక్టా తెగల మూలాలున్న ఆర్టిస్టు, వాళ్ళ ఇంటి బుట్టల్లోని నమూనాలతో ఫొటోలూ మ్యాపులూ అలా చదునుగా అల్లుతుందంట, టీచరమ్మ ఆవిడ పనులు కొన్ని చూపించింది. పిల్లలకైతే అదే తీసుకోండి, రెండ్రోజుల్లో నీట్‌గా పూర్తవుతుంది, ఏడుపులుండవు.

టీచరమ్మ గురించి ఒక మాట. అరవై దాటి ఉంటాయి, చెరోకీ, తక్కువ మాట్లాడుతుంది. ఏదైనా అందిస్తే "వాడో" అంటుంది. నేను మొదటిసారి వెనక్కి తిరిగి చూశా, ఎవడో వచ్చాడేమో అని. థాంక్స్ అని అర్థం అంట. మా అమ్మాయి ఇంక రెండ్రోజులూ వాడో వీడో అని నన్ను చంపింది. గోడ మీద చెరోకీ అక్షరాల చార్టు ఉంది, 85 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో పలుకు, సెక్వోయా అనే ఆయన 1821కల్లా ఒక్కడే తయారుచేశాడు. మనలాగే క, కి, కు విడివిడి శబ్దాలు, కానీ గుణింతం గుర్తులు లేవు, ప్రతిదానికీ పూర్తిగా కొత్త అక్షరమే, నేర్చుకునేవాళ్ళకి దండం.

క్లాసులో ఒకాయన మధ్యలో అడిగాడు, ఇవి చేసి ఆన్‌లైన్లో చెరోకీ బుట్టలని అమ్ముకోవచ్చా అని. మొదటిసారి టీచరమ్మ గొంతు కొంచెం పెంచింది. 1990లో వచ్చిన చట్టం ఉంది, గుర్తింపున్న తెగలో సభ్యులు కానివాళ్ళు, ఆ తెగ సర్టిఫై చెయ్యనివాళ్ళు, తమ వస్తువుని ఇండియన్ మేడ్ అని అమ్మితే మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా ఫైను, అయిదేళ్ళ దాకా జైలు. మీ బుట్ట మీ బుట్టే, చెరోకీ బుట్ట కాదు, అంది. ఆయన మొహం మాడిపోయింది గానీ కరెక్టే కదా. మీరూ ఎక్కడైనా ట్రైబల్ బుట్ట అని చౌకగా కనపడితే కొనేముందు చేసిన మనిషి పేరు, తెగ పేరు అడగండి, నిజమైనవాళ్ళు సంతోషంగా చెప్తారు.

ఇక కంప్లైంట్లు. ప్రింట్లు లేత వచ్చాయి, నాది పాత ఫొటో కాబట్టి ఇంకా లేత, మెయిల్ చేసేముందే కాంట్రాస్ట్ పెంచి పంపమని వాళ్ళు చెప్పుండాల్సింది. బ్లేడ్లు మొద్దువి, మీది మీరు తీసుకెళ్ళండి. మడత కుర్చీల మీద ఆరు గంటలంటే నడుము పోతుంది, కుషన్ పట్టుకెళ్ళండి. ఏసీ మరీ ఎక్కువ. లంచ్ ఇస్తామన్నారు, వెజ్ అని ముందే రాసినా మాకు దొరికింది చీజ్ సాండ్‌విచ్, చిప్స్, రెండో రోజు కూడా అదే చీజ్ సాండ్‌విచ్, ఈసారి చిప్స్ రంగు వేరు. కానీ ఆదివారం టీచరమ్మ ఇంటి నుంచి గ్రేప్ డంప్లింగ్స్ చేసుకొచ్చింది, ద్రాక్షరసంలో ఉడికించిన పిండి ముక్కలు, వేడివేడిగా, మన పాలతాలికలకి దూరపు చుట్టంలా అనిపించాయి, నేను మూడుసార్లు వడ్డించుకున్నా. ఆ అర మార్కు ఎందుకు కోశానంటే స్లైడ్స్ వల్ల కాదు, టైము వల్ల. అంచు కట్టడం ఆఖరి నలభై నిమిషాల్లో హడావుడిగా లాగించేశారు, సగంమందికి పూర్తవ్వలేదు, కాన్సస్ ఆవిడ క్లిప్పులతో సహా కవర్లో పెట్టుకుని వెళ్ళింది. మూడో రోజు ఒక పూట పెడితే ఇంకో 50 డాలర్లు నేనైతే ఇస్తా.

బుకింగ్‌కి తిప్పలేం లేవు, క్యాన్సిల్ చేస్తే వారం ముందు వరకు డబ్బులు వెనక్కి. 12 ఏళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. పార్కింగ్ ఫ్రీ.

వచ్చేటప్పుడు స్పేర్ ప్రింట్ నుంచి మిగిలిన బద్దలు కవర్లో పెట్టి ఇచ్చారు, 11 ఉన్నాయి, ఒకదాని మీద సగం కన్ను. మా ఆయన ఇల్లు సర్దుతూ ఇవి పారేయమంటావా అన్నాడు, ఇద్దరం కాసేపు కవర్ వైపు చూశాం, మళ్ళీ డ్రాయర్లో పెట్టేశాడు. టీచరమ్మకి మెయిల్ పెడితే వాటితో మూత అల్లుకో అంది. మూతకి నిలువు బద్దలే 34 కావాలంట, నాన్నని ఆ దస్తావేజు ఈసారి ఫోన్లో కాకుండా సరిగ్గా స్కాన్ చేయించి పంపమన్నా.